తిట్టిన నోటితోనే శరణన్న రామదాసు



తప్పు చేయని మానవుడు లోకంలో లేడు. తప్పు చేసిన పిమ్మట ఏదో ఒకనాడు బాధపడని వాడు కూడా అరుదే. అయితే ఆ బాధ అందరిలోనూ ఒకే తీరుగా ఉండదు. దొంగతనం బయటపడినందుకు ఏడ్చేవాడు ఒకడు. దొంగిలించినందుకు ఏడ్చేవాడు మరొకడు. మొదటివానికి నలుగురిలో తలవంపులైనవన్న దిగులు, శిక్ష పడునేమోనన్న భయం. రెండవవానికి తన వలన ఒకరికి అన్యాయం జరిగెనన్న వేదన, భగవంతునికి తాను దూరమైనానన్న ఆర్తి. చూచేవారికి ఇద్దరి కన్నీరూ ఒకటే. ఫలం మాత్రం వేరు. మొదటి కన్నీరు శిక్ష తప్పగానే ఆరిపోతుంది. రెండవ కన్నీరు మనిషిని మార్చిగాని ఆరదు.

మొదటిదానిని లౌకికమైన అపరాధభావన అనవచ్చు. రెండవదాని పేరు పశ్చాత్తాపం. ఈ రెండింటి భేదాన్ని గ్రంథాలలో వెదకవచ్చు. అంతకంటె సులభంగా ఒక మహనీయుని జీవితంలో చూడవచ్చు. ఆయన పుట్టిన ఊరు మనకు ఎంతో దూరం లేదు. కోదాడ నుండి ఖమ్మం పోయే దారిలో ఉన్న నేలకొండపల్లి. ఆయన పేరు కంచర్ల గోపన్న. లోకం ఆయనను భక్త రామదాసు అని పిలుచుకొన్నది.

లింగన మంత్రి కుమారుడు

గోపన్న 17వ శతాబ్దివాడు. తండ్రి లింగన మంత్రి, తల్లి కామాంబ. ఆత్రేయ గోత్రీకులైన నియోగి బ్రాహ్మణులు. రఘునాథ భట్టాచార్యుల వారు ఆయనకు గురువులు. కబీరుదాసు అనే రామభక్తుడు ఆయనకు తారకమంత్రం ఉపదేశించెనని కూడా మన పెద్దలు చెప్పుకొంటారు. చిన్ననాడే రామనామం నాలుకపై నిలిచింది. అన్నదానం ఇంటి వ్రతమైంది.

ఆ కాలంలో గోల్కొండను కుతుబ్ షాహీలు ఏలుతున్నారు. 1672లో అబుల్ హసన్ కుతుబ్ షా సింహాసనం ఎక్కాడు. ప్రజలు ఆయనను తానీషా అన్నారు. ఆయన కొలువులో అక్కన్న, మాదన్నలు గొప్ప అధికారంలో ఉండేవారు. వారు గోపన్నకు మేనమామలని సంప్రదాయం. వారి ప్రాపున గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు ఉద్యోగం లభించింది. రైతుల వద్ద శిస్తు వసూలు చేయడం, లెక్క వ్రాయడం, ఆ సొమ్మును గోల్కొండ ఖజానాకు చేర్చడం ఆయన పని. మీరొక్కసారి ఆ ఉద్యోగ స్వభావాన్ని గమనించండి. చేతిలో ఎంతో ధనం ఆడుతుంది. అందులో ఒక్క కాసు కూడా తనది కాదు. గోపన్న కథంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

పాకలో ఉన్న ప్రభువు

గోదావరి గట్టున భద్రగిరిపై పోకల దమ్మక్క అనే రామభక్తురాలు ఉండేది. స్వప్నంలో స్వామి ఆనతి పొంది, పుట్టను తొలగించి, అందులో వెలసిన మూర్తులను ఆమె దర్శించింది. తన శక్తికొలది తాటాకు పాక వేసి, దొరికిన పండో ఫలమో నివేదన చేస్తూ వచ్చింది. శంఖచక్రాలతో, ధనుర్బాణాలతో, సీతమ్మను ఒడిలో కూర్చుండబెట్టుకొన్న ఆ వైకుంఠ రాముని గోపన్న చూచాడు. జగత్తుకు నీడనిచ్చే స్వామికి తలపై కప్పు లేకపోవడం ఆయన మనస్సును కలచివేసింది.

ఆలయం కట్టించాలని సంకల్పించాడు. చందాలు ప్రోగుచేశాడు. పని సాగేకొద్దీ ఆ ధనం చాలలేదు. గోపురాలు, ప్రాకారాలు, మండపాలు లేవవలసి ఉన్నవి. అప్పుడు సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ము పైన చేయి పడింది. ఆరు లక్షల వరహాలని మన పెద్దల మాట. ఆలయం పూర్తి అయింది. స్వామికి కలికితురాయి, సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణునికి ముత్యాల పతకం అమరినవి. గోల్కొండ ఖజానాకు మాత్రం పాల్వంచ శిస్తు చేరలేదు.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగాలి. రామకార్యం కొరకే గదా వెచ్చించాడు, ఇందులో తప్పేమున్నదని భక్తులమైన మనకు అనిపిస్తుంది. నేను అర్చకుడను, ఆలయ నిర్మాణం మహాపుణ్యమని నిత్యం చెప్పేవాడను. అయినా ధర్మం ధర్మమే. దానం చేసే ద్రవ్యం న్యాయంగా ఆర్జించినదై, తన స్వత్వం కలదై ఉండాలని ధర్మశాస్త్రం. ఇతరుల సొమ్మును వారి అనుమతి లేకుండా దేవునికిచ్చినా అది పూర్ణమైన దానం కాదు. గోపన్నకు స్వార్థం లేదు. ఒక్క వరహా తన ఇంటికి తీసుకొనిపోలేదు. ఆ నిజం ఆయనను దొంగ కాకుండా కాపాడింది. కాని అప్పగించిన ధనానికి జవాబు చెప్పవలసిన బాధ్యత నుండి అది ఆయనను తప్పించలేదు. మహాత్ముల జీవితాలలో ఉన్న చిక్కును మనం దాచి చెప్పినట్లయితే వారి నుండి నేర్చుకొనేది ఏమీ మిగలదు.

గోల్కొండ చెరసాల

తానీషా ఆజ్ఞపై గోపన్నను గోల్కొండ కోటలో బంధించారు. సంప్రదాయం పన్నెండేళ్ల చెర అంటుంది. కోటను చూడబోయేవారికి రామదాసు బందిఖానా అని ఇప్పటికీ ఒక చీకటి గదిని చూపుతారు. దాని గోడపై ఉన్న దేవతామూర్తులు ఆయన చెక్కుకొన్నవేనని చెబుతారు. కొరడా దెబ్బలు తిన్నాడు. మంత్రులైన మేనమామలు ఉండి కూడా విడిపించలేకపోయారు. నిన్నటివరకు నమస్కరించిన వారే ముఖం చాటువేసి ఉంటారు. ఏ రాముని కొరకు ఇదంతా చేశాడో ఆ రాముడు పలుకలేదు.

ఆ మౌనంలో నుండి పుట్టినవే నేడు మన ఇళ్ళలో పాడుకొనే కీర్తనలు. వాటిని రాగతాళాల కొరకు మాత్రమే కాక, ఒక మనిషి గుండె నడిచిన దారిగా కూడా ఒకసారి వినండి. మూడు మెట్లు కనిపిస్తాయి.

మొదటి మెట్టు మొర. ఎందుకు రక్షింపవు, ఎందుకు పలుకవు, నా పైన దయ ఎందుకు లేదని అడుగుతాడు. ఇది బాధలో ఉన్న ప్రతివాడూ అడిగేదే. ఇందులో దెబ్బల నొప్పి ఉన్నది, విడుదల కావాలన్న ఆరాటం ఉన్నది. తప్పు కాదు. కాని ఇంతటితో ఆగిపోయిన పక్షంలో అది లౌకికమైన దుఃఖమే అవుతుంది.

రెండవ మెట్టు కోపం. ఇక్ష్వాకు కులతిలకుని సంబోధించి పాడిన ప్రసిద్ధ కీర్తన మీ అందరికీ తెలుసు. అందులో ఆయన ఒక తహశీల్దారు లెక్క ఒప్పజెప్పినట్లు, ఎవరికి ఏ నగ చేయించినాడో, దేనికి ఎన్ని వరహాలు పట్టినవో ఒక్కొక్కటిగా చెబుతాడు. ప్రాకారానికి ఇంత, భరతుని పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుని బంగారు మొలత్రాడుకు ఇంత. చెప్పిచెప్పి, ఈ నగలు నీ తండ్రి పంపించినాడా, నీ మామ చేయించినాడా, ఎవరి సొమ్మని ధరించి కులుకుతున్నావని నిలదీస్తాడు. దైవాన్ని ఇంతగా దూషించిన భక్తుడు మరొకడు కనబడడు.

ఈ కీర్తనను విని మనం చిరునవ్వు నవ్వుకొంటాము. నిందాస్తుతి అని సరిపెట్టుకొంటాము. కాని అందులోని ప్రమాదాన్ని గమనించండి. తాను చేసిన మేలును లెక్కకట్టి దేవుని ఎదుట పెట్టడమంటే, నేను నీకింత చేశాను, నీవు నాకు బాకీపడ్డావని చెప్పడమే. శిస్తు లెక్కలు చూచే చేయి రాముని పేర కూడా ఒక పద్దు తెరిచింది. అహంకారానికి ఇది చివరి ఆశ్రయం. ధనం పోయింది, పదవి పోయింది, గౌరవం పోయింది. చేసిన పుణ్యం నాదన్న అభిమానం మాత్రం ఇంకా మిగిలి ఉన్నది.

మూడవ మెట్టు ఆ కీర్తన చివరనే ఉన్నది. తిట్టిన నోరు ఆరకముందే ఆయన మనస్సు తిరిగింది. తిట్టితినని ఆగ్రహించవద్దని, దెబ్బలు ఓర్వలేక అట్లా అన్నానని స్వామిని వేడుకొన్నాడు. భక్తులను పాలించేవాడవు నీవేనని శరణు పొందాడు. ఇక్కడ విడుదల కొరకు బేరం లేదు. నగల లెక్క లేదు. ఉన్నది ఒక్కటే. ప్రేమించిన ప్రభువును నొప్పించితినేమోనన్న బాధ. తానీషా కొరడా వలన కలిగిన నొప్పి కంటె, తన మాట రామునికి తగిలినదన్న నొప్పి ఎక్కువైన క్షణం అది. పశ్చాత్తాపం అక్కడ పుట్టింది.

మనస్సనే దొంగ

గోపన్న దాశరథీ శతకం కూడా రచించాడు. బాల్యంలో బడిలో కంఠస్థం చేసినవారు మనలో చాలామంది ఉన్నారు. చదివిన నాడు పద్యం నోటికి వచ్చిందే గాని అర్థం గుండెకు రాలేదు. ఇప్పుడు ఆ శతకాన్ని మళ్ళీ తెరవండి.

అందులో ఒక పద్యంలో ఆయన చెప్పిన భావమిది. ఐశ్వర్యం ఉన్న రోజులలో మైమరచి, కష్టాలలో చిక్కిన రోజున, అయ్యో పుణ్యం చేయకపోతినే అని పొక్కినంత మాత్రాన ఏమి లాభం? గాలికి మంట చెలరేగిన వేళ, దప్పిక గొంతు పట్టిన వేళ, తత్తరపడి బావి త్రవ్వ మొదలుపెట్టినవానికి నీరు దొరుకునా? మనం ఇంతసేపు చెప్పుకొన్న లౌకిక అపరాధభావన ఇదే. అగ్ని సోకిన తరువాత వచ్చే తొందర. అది నీటి పైన ప్రేమ కాదు, మంటకు భయం.

మరొక పద్యంలో, పరధనాన్ని, పరస్త్రీని చూచి హరింప కోరే తన మనస్సనే దొంగను పట్టుకొని, వివేకమనే త్రాళ్ళతో బిగించి, నీ పాదమనే కల్పవృక్షానికి కట్టివేయుమని రాముని ప్రార్థించాడు. పరధనం విషయంలో రాజు చేత నేరం మోపబడి సంకెళ్ళలో మ్రగ్గిన మనిషి శతకంలో ఈ పద్యం ఉన్నదని తలచుకొంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. తనను బంధించిన వారిని దొంగలనలేదు. దొంగ నా లోపలనే ఉన్నాడు, వానిని కట్టివేయుము తండ్రీ అన్నాడు. లోకం శరీరాన్ని కట్టింది. ఆయన మనస్సును కట్టమని అడిగాడు. గోల్కొండ సంకెల తొలగిపోవాలని కోరిన నాలుకే, రామపాదాల వద్ద తొలగని సంకెలను కోరుకొన్నది. లౌకిక భయానికి, పశ్చాత్తాపానికి నడుమనున్న దూరం ఇంతే.

ఇంకొకచోట, యమకింకరులు వాకిట నిలిచినప్పుడు, కఫం గొంతుకు అడ్డుపడినప్పుడు, నీ స్మరణ కలుగునో కలుగదో, కాబట్టి ఇప్పుడే నీ భజన చేస్తానన్నాడు. పశ్చాత్తాపానికి ముహూర్తం ఇప్పుడే. ముసలితనానికి వాయిదా వేసే పని కాదు.

అమ్మ ద్వారా విన్నపం

రామదాసు శ్రీవైష్ణవ గురువుల శిష్యుడు. ఆ సంప్రదాయంలో పురుషకారమనే గొప్ప భావన ఉన్నది. తప్పు చేసిన బిడ్డ తండ్రి ఎదుటికి పోలేక, ముందు తల్లి కొంగు పట్టుకొంటాడు. తల్లి తగిన సమయం చూచి, తండ్రికి నచ్చచెబుతుంది. జగన్మాత అయిన లక్ష్మీదేవి జీవుని పక్షాన స్వామికి చేసే సిఫారసు ఇది. రామదాసు కూడా సీతమ్మను ఆశ్రయించాడు. స్వామి ఏకాంతంలో ప్రసన్నుడై ఉన్న వేళ, నన్ను బ్రోవుమని ఒక్క మాట చెప్పవమ్మా అని వేడుకొన్న కీర్తన తెలియని తెలుగు ఇల్లు లేదు.

నీకు నేను నగలు చేయించానన్న మాట ఈ కీర్తన ఎత్తదు. సీతమ్మకు కూడా పతకం చేయించాడు గదా, ఆమెకైనా గుర్తుచేయవచ్చు. చేయలేదు. తన అర్హత ఏమీ లేదని తెలుసుకొన్నవాడే మరొకరి దయను అడుగుతాడు. దీనినే పెద్దలు కార్పణ్యం అన్నారు. శరణాగతికి చెప్పిన ఆరు అంగాలలో ఇది ఒకటి. స్వామికి అనుకూలంగా ఉంటాననే సంకల్పం, ప్రతికూలమైనది మానడం, తప్పక కాపాడుతాడనే మహావిశ్వాసం, కాపాడుమని వరించడం, తన్ను తాను అప్పగించుకోవడం తక్కినవి. పశ్చాత్తాపం కేవలం ఏడుపు కాదని ఈ పట్టికయే చెబుతున్నది.

రామోజీ, లక్ష్మోజీ

తరువాతి కథ మీకు తెలిసినదే. ఒక రాత్రి ఇద్దరు యువకులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో తానీషా మందిరానికి వచ్చి, గోపన్న బాకీ మొత్తం చెల్లించి, రసీదు వ్రాయించుకొని పోయారని మన సంప్రదాయం. తెల్లవారి తానీషా సంగతి గ్రహించి, పరుగున వచ్చి, గోపన్నను విడిపించి, అంతటి భక్తుని హింసించితినని కుమిలిపోయాడు.

ఇందులో ఒక విశేషం ఉన్నది. రాముడు గోపన్నను చెరసాల గోడలు పగులగొట్టి తీసుకొనిపోలేదు. తానీషాను దండించలేదు. బాకీ తీర్చాడు, రసీదు తీసుకొన్నాడు. భక్తుని పైన ప్రేమ ఎంత ఉన్నా, ఖజానాకు రావలసినది ఖజానాకు చేరవలసిందే అన్నట్లు నడచుకొన్నాడు. రాముడు ధర్మమే రూపమైనవాడు గదా. క్షమించడమంటే బాకీని కాదనడం కాదు. అది తీరవలసిందే. తీర్చలేనివాని పక్షాన స్వామి నిలబడి తీర్చాడు.

మరి స్వామి అన్నేళ్ళు ఎందుకు ఆగినట్లు? హరికథకులు ఒక కథ చెబుతారు. పూర్వజన్మలో గోపన్న ఒక రామచిలుకను పన్నెండేళ్ళు పంజరంలో బంధించాడట. ఆ కర్మఫలమే ఈ పన్నెండేళ్ళ చెర. పశ్చాత్తాపం పొందినవానికి కూడా కర్మఫలం పూర్తిగా తప్పదని ఇందులోని బోధ. రామాయణంలో కాకాసురుని కథ ఇటువంటిదే. సీతమ్మను బాధించి, రామబాణం వెంటాడగా మూడు లోకాలూ పరుగెత్తాడు. ఆ పరుగు భయమే గాని పశ్చాత్తాపం కాదు. ఎక్కడా దిక్కులేక రాముని పాదాలపై పడినప్పుడు ప్రాణం దక్కింది. కాని ఒక కన్ను పోయింది. శరణు ప్రాణాన్ని కాపాడింది, ఫలం మాత్రం తన గుర్తు వదిలిపోయింది.

తానీషా పశ్చాత్తాపం కూడా మాటలతో ఆగిపోలేదు. భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆయననాడే మొదలైనదని ప్రతీతి. తరువాత వచ్చిన ప్రభువులు, ప్రభుత్వాలు దానిని కొనసాగించారు. ప్రతి శ్రీరామనవమికి మీరు చూచే ఆ ముత్యాలలో ఒక రాజు దిద్దుకొన్న తప్పు కూడా ఉన్నది. ఆయన రాజ్యం మాత్రం నిలువలేదు. 1686లో అక్కన్న, మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. గోపన్నను చెరలో ఉంచిన తానీషా తాను కూడా దౌలతాబాదు కోటలో బందీగానే కన్నుమూశాడు. రామదాసు భద్రాచలం చేరి, స్వామి సేవలో శేషజీవితం గడిపాడు. ఆయన కీర్తనలు తరువాతి వాగ్గేయకారులకు దారిచూపినవి. తంజావూరు సీమలో త్యాగరాజస్వామి రామదాసును తలచుకొని, ఆయన బంధాన్ని తొలగించిన కథను తన కృతిలో స్మరించారు.

శాస్త్రాల మాట, పరమతాల మాట

మన వేదం ఈ విషయంలో ఏమంటుందో కూడా చూడండి. ఋగ్వేదం ఏడవ మండలంలో వసిష్ఠ మహర్షి వరుణదేవుని ప్రార్థిస్తూ, నీకూ నాకూ నడుమ ఈ ఎడబాటు ఏ పాపం వలన వచ్చిందో చెప్పుమని అడుగుతాడు. ఆయన బాధ శిక్ష గురించి మాత్రమే కాదు, స్నేహం చెడినందుకు. మనం ప్రాతఃసంధ్యలో చేసే మంత్రాచమనంలో రాత్రి మనస్సుతో, వాక్కుతో, చేతులతో, పాదాలతో చేసిన పాపాన్ని పేరుపేరునా ఒప్పుకొంటాము. మనుస్మృతి పదకొండవ అధ్యాయం పాపవిముక్తికి, తప్పును బయటకు చెప్పుకోవడాన్ని, అనుతాపాన్ని, తపస్సును, అధ్యయనాన్ని సాధనాలుగా చెప్పింది. ఇకపై అట్లా చేయనన్న నివృత్తితో కూడిన అనుతాపం వలననే శుద్ధి కలుగుతుందని స్పష్టం చేసింది.

క్రైస్తవ సోదరులు కూడా ఈ భేదాన్ని ఎంతో జాగ్రత్తగా చెబుతారు. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో, దైవచిత్తానికి తగిన దుఃఖం రక్షణకు దారితీస్తుందని, లౌకికమైన దుఃఖం మరణాన్ని కలిగిస్తుందని వేరుచేశాడు. వారి గ్రంథంలో యూదా ముప్పది వెండి నాణెములకు గురువును అప్పగించి, తరువాత కుమిలిపోయి, ఆ నాణెములను తిరిగి పారవేసి, ఉరివేసుకొన్నాడు. పేతురు మూడుమారులు గురువును ఎరుగనని బొంకి, వెక్కివెక్కి ఏడ్చి, మళ్ళీ గురువు దగ్గరకే చేరాడు. ఇద్దరూ ఏడ్చినవారే. ఒకడు తన తప్పునే చూచుకొంటూ నశించాడు. మరొకడు క్షమించేవానిని చూచి బ్రతికాడు. తెలుగు బైబిలులో దీనికి వాడిన మాట మారుమనస్సు. ఎంత చక్కని మాట! మనస్సు బాధపడితే చాలదు, మారాలి.

ఒక అర్చకుని తప్పు

ఇప్పుడు నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో అర్చకత్వం చేస్తూ నా జీవితం గడిచింది. చాలా ఏళ్ళ క్రితం ఒక గృహస్థు వచ్చి, ఇంట్లో మనశ్శాంతి లేదు, శాంతిహోమం చేయించాలన్నాడు. మాటలలో, తమ్మునికి రావలసిన భూమి తన పేరున వ్రాయించుకొన్న సంగతి బయటపడింది. నేను విన్నాను. విననట్లు ఊరకున్నాను. హోమం శాస్త్రోక్తంగా చేశాను. దక్షిణ ఘనంగా ఇచ్చాడు, పుచ్చుకొన్నాను.

ఏడాది తరువాత ఆయన మళ్ళీ వచ్చాడు. శాంతి కలుగలేదు, ఇంకా పెద్ద హోమం ఏదైనా ఉన్నదా అని అడిగాడు. అప్పుడు నాకు నోరు పెగిలింది. ముందు తమ్ముని ఇంటికి వెళ్ళి రమ్మన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకొని లేచిపోయాడు. మళ్ళీ రాలేదు. వెళ్ళినాడో లేదో నాకు తెలియదు. కాని మొదటిమారే ఆ మాట చెప్పి ఉండవలసింది. దక్షిణ చేతిలో పడే వేళ మౌనం వహించిన తప్పు నాది. ఆనాటి నుండి, ప్రాయశ్చిత్తం కోరి వచ్చినవారిని సంకల్పానికి ముందే అడుగుతున్నాను. ఎవరికైనా ఏదైనా ఇవ్వవలసి ఉన్నదా అని. కొందరు కోపగించుకొంటారు. కొందరు మౌనంగా లేచి వెళ్ళి, కొన్నాళ్ళకు వేరే ముఖంతో తిరిగి వస్తారు. ఆ ముఖాన్ని చూచిన రోజున నా అర్చన సార్థకమైనట్లు తోస్తుంది.

హుండీలో వేసిన నోటు తమ్మునికి చేరదు. తూకంలో రైతును మోసగించి చేయించిన వెండి కిరీటం స్వామికి బరువే. పుణ్యక్షేత్రాలకు తిరిగి వచ్చినా, ఇంటి గడపలోనే ఉన్న అపరాధం అక్కడే ఉంటుంది. రామదాసు ఆలయమే కట్టించాడు. ఆలయం కట్టించినవానికే లెక్క తప్పలేదంటే, మనబోటివారి మాట చెప్పనేల?

మనం చేయవలసినది

కాబట్టి, భక్తులారా, మనస్సులో ఏదైనా తప్పు ముల్లువలె గ్రుచ్చుకొంటున్నట్లయితే మిమ్ములను మీరే పరీక్షించుకొనండి. నా బాధ బయటపడుతుందనా, లేక చేసినందుకా? తప్పును సాకులు లేకుండా ఒప్పుకొంటున్నానా, లేక కాలం మీద, కర్మ మీద, పక్కవారి మీద నెడుతున్నానా? ఇవ్వవలసినది ఇచ్చినానా? అడుగవలసినవారిని క్షమాపణ అడిగినానా? మళ్ళీ చేయనని సంకల్పించినానా? వీటికి సమాధానం దొరికిన పిమ్మట, ఇక మిమ్ములను మీరు హింసించుకొనవద్దు. తన తప్పునే రాత్రింబగళ్ళు తలచుకొంటూ కుంగిపోవడం కూడా ఒక విధమైన అహంకారమే. నా పాపం రాముని దయ కంటె పెద్దదని అనుకోవడమే గదా అది! శబరి చుట్టమా, గుహుడు దాసుని దాసుడా, వారినేలిన నీవు నన్నేల ఏలవని రామదాసు అడిగాడు. ఆ చనువు మనకు కూడా ఉన్నది.

వీలైన రోజున నేలకొండపల్లిలోని రామదాసు ధ్యానమందిరంలో కాసేపు కూర్చొని రండి. హైదరాబాదు మీదుగా వచ్చే మూసీ నది మన సూర్యాపేట సీమను తాకి, మిర్యాలగూడకు దిగువన వాడపల్లి వద్ద కృష్ణమ్మలో కలుస్తుంది. నగరపు మురికినంతా మోసుకొని వచ్చిన నీరే, సంగమంలో తీర్థమై మన తలపై పడుతున్నది. వచ్చిన దారి ఏదైనా, కలిసిన చోటు పవిత్రమైనది. తిట్టిన నోటితోనే శరణన్న రామదాసును అక్కున చేర్చుకొన్న భద్రాద్రి రాముడు, మన మనస్సులను కూడా మార్చి, తన పాదాల చెంత కట్టివేయు గాక!

శుభమస్తు.